రాగికి అయస్కాంతం అంటదా?
(మైలుతుత్తం నుంచి అతివాహకం దాకా)



పోయిన ఎండాకాలం మన హాస్టల్ బోరు మోటారు కాలిపోయిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. నాలుగు రోజులు బకెట్లు పట్టుకుని వీధి నల్లా దగ్గర వరుస కట్టాం. ఐదో రోజు మోటారును వైండింగ్ షాపుకు తీసుకుపోతుంటే మేము నలుగురం ఆటోలో వెంట పోయాం. మేస్త్రీ మోటారు విప్పి, నల్లగా మాడిన రాగి తీగనంతా కోసి ఒక పక్కన కుప్ప పోశాడు. కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

మాతో వచ్చిన ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు ఆ కుప్పలోంచి ఒక ముక్క తీసి, షాపులో ఉన్న అయస్కాంతానికి దగ్గర పెట్టి చూశాడు. అంటుకోలేదు. "అన్నా, రాగికి అయస్కాంతం అంటదు గదా, మరి మోటార్ల పనంత రాగితోనే ఎందుకు?" అని అడిగాడు. మేము ఏదో చెప్పాం. వాడు ఊరుకోలేదు. మాడిన తీగ చూపించి, "ఇదంత వేడికే కాలింది గదా. మా నాయిన బాయిల తవ్విన బొగ్గు గిట్ల తీగల వేడయి పోతాందా?" అన్నాడు.

ఆ రెండు ప్రశ్నలకూ ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. మేము బీఎస్సీ చదువుతున్నామని పేరు. అందుకే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, లెక్చరర్ గారిని అడిగి, కొంత చేతులతో చేసి చూసి తెలుసుకున్నదంతా ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం.

ముందు మొదటి ప్రశ్న

మోటారులో అయస్కాంతత్వం పుట్టేది రాగి అనే లోహం వల్ల కాదు, రాగి తీగలో పారే కరెంటు వల్ల. ఏ తీగలో కరెంటు పారినా దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. వెండి తప్ప మిగతా లోహాలన్నిటికంటే రాగి కరెంటును సులువుగా పోనిస్తుంది కాబట్టి రాగి వాడతారు. కరెంటు ఆపితే ఆ అయస్కాంతత్వం పోతుంది.

మరి కరెంటు లేకుండా రాగికి స్వతహాగా అయస్కాంత గుణం ఉందా? పదో తరగతి ప్రశ్నపత్రంలో అయితే "లేదు" అని రాస్తే మార్కు పడుతుంది. కానీ అసలు జవాబు అంత చిన్నది కాదు.

ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న అయస్కాంతం. ఈ గుణాన్ని స్పిన్ అంటారు. పరమాణువులో రెండేసి ఎలక్ట్రాన్లు జతకూడి, ఒకటి పైకి, ఇంకొకటి కిందికి ముఖం పెట్టి ఉంటే రెండింటి బలం రద్దవుతుంది. జత లేని ఎలక్ట్రాన్ మిగిలితేనే ఆ పరమాణువు అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. రాగి పరమాణువులో 29 ఎలక్ట్రాన్లుంటాయి. రాగి లోహంలో 28 ఎలక్ట్రాన్లు నిండిన కక్ష్యల్లో జతలుగా ఉంటాయి. మిగిలిన ఒక్కటి లోహమంతా తిరుగుతూ కరెంటును మోస్తుంది. అందుకే రాగి లోహం అయస్కాంతానికి అంటకపోగా, అతి స్వల్పంగా వికర్షిస్తుంది కూడా. ఇలాంటి వాటిని డయా అయస్కాంత పదార్థాలంటారు.

కానీ రాగి ఇతర మూలకాలతో కలిసి లవణంగా మారినప్పుడు సాధారణంగా రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటుంది. అప్పుడు 27 మిగులుతాయి. 27 బేసి సంఖ్య. పదమూడు జతలు పోగా ఒకటి ఒంటరిగా మిగులుతుంది. ఆ ఒంటరి ఎలక్ట్రానే ఈ వ్యాసానికి కథానాయకుడు.

గ్లాసులో నీలి రాయి

మైలుతుత్తం మీకందరికీ తెలుసు. ల్యాబులో కాపర్ సల్ఫేట్ అంటాం. రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొడతారు. లెక్చరర్ గారి అనుమతితో కొంత మైలుతుత్తం తెచ్చుకుని వేడినీళ్లలో ఇక కరగదు అనేదాకా కరిగించాం. వడకట్టి, గాజు గ్లాసులో పోసి, దారానికి కట్టిన చిన్న పలుకును అందులో వేలాడదీసి, పైన కాగితం కప్పి కదపకుండా పెట్టాం. రెండు వారాల్లో బొటనవేలి గోరంత నీలి స్ఫటికం తయారైంది.

పాత ఇనుప సామాన్ల దుకాణంలో పాడైపోయిన కంప్యూటర్ హార్డ్ డిస్కు నుంచి తీసిన నియోడిమియం అయస్కాంతం దొరికింది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, దారానికి వేలాడుతున్న స్ఫటికం దగ్గరికి ఆ అయస్కాంతాన్ని మెల్లగా తీసుకుపోయాం. స్ఫటికం కొద్దిగా ఊగి అయస్కాంతం వైపు జరిగింది! గాలికేమోనని పదిసార్లు చేసి చూశాం. ప్రతిసారీ జరిగింది. అదే సైజు రాగి తీగ చుట్టను వేలాడదీసి, అది కదలకుండా నిలిచాక అయస్కాంతం పెడితే అలా లాక్కోలేదు.

అంటే రాగి లోహానికి లేని గుణం రాగి లవణానికి వచ్చింది. ఇలా బలహీనంగా ఆకర్షించబడే వాటిని పారా అయస్కాంత పదార్థాలంటారు. స్ఫటికంలోని ఒంటరి ఎలక్ట్రాన్లు మామూలుగా తలా ఒక దిక్కు చూస్తుంటాయి. అయస్కాంతం దగ్గరికి రాగానే కొద్దిమంది మాత్రం దానివైపు తిరుగుతారు. క్లాసులో అల్లరి జరుగుతుంటే సారు వచ్చినప్పుడు ముందు బెంచీల వాళ్లు మాత్రమే సర్దుకున్నట్టు.

ఇదే మైలుతుత్తం మీద మన దేశంలో చాలా ముఖ్యమైన పరిశోధన జరిగింది. రామన్‌తో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ స్ఫటికాలను సన్నని పోగుతో అయస్కాంత క్షేత్రంలో వేలాడదీసి, అవి ఎంత తిరుగుతాయో కొలిచే పద్ధతులను అభివృద్ధి చేశారు. 1936, 1938లలో ఆయన, ముఖర్జీ కలిసి మైలుతుత్తం స్ఫటికం మీద పత్రాలు ప్రచురించారు. ఈ స్ఫటికంలో ఒక్కో రాగి చుట్టూ నాలుగు నీటి అణువులు చతురస్రంగా, కొంచెం దూరంలో పైనొకటి కిందొకటి సల్ఫేటు ఆక్సిజన్లు ఉంటాయి. అందుకే స్ఫటికాన్ని ఒక దిక్కున పట్టుకుంటే ఒక బలం, ఇంకో దిక్కున పట్టుకుంటే ఇంకో బలం కనిపిస్తుంది. బయట నుంచి అయస్కాంతంతో కొలిచి, లోపల పరమాణువులు ఎలా కూర్చున్నాయో చెప్పగలగడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి.

మన తెలుగు శాస్త్రవేత్త

ఈ దారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ చదివి, తర్వాత కలకత్తాలో రామన్ దగ్గర చేరారు. ఇరవై ఏళ్ల వయసులోనే, 1929లో, సేంద్రియ స్ఫటికాల అయస్కాంత ప్రవర్తనపై పత్రం రాశారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1952 నుంచి 1957 వరకు మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా, తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. స్ఫటికాల ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి వాటి గుణాలను లెక్కగట్టడంలో ఆయన దిట్ట. 1960ల్లో ఆ లెక్కను అయస్కాంత స్ఫటికాలకు కూడా విస్తరించారు. ఆ లెక్క ఎందుకు కావలసి వచ్చిందో ఖోఖో ఆటతో కాసేపట్లో చెబుతాం.

చలి పెరిగితే ఏమవుతుంది?

ఎలక్ట్రాన్లు ఒక దిక్కు తిరగకుండా అల్లరి చేయించేది వేడి. వేడి తగ్గిస్తే అల్లరి తగ్గుతుంది, అయస్కాంత గుణం పెరుగుతుంది. 1895లో పియరీ క్యూరీ దీన్ని సూత్రంగా చెప్పాడు. పరమ ఉష్ణోగ్రత సగమైతే పారా అయస్కాంత బలం రెట్టింపవుతుంది. పరమ ఉష్ణోగ్రత అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌ను సున్నాగా తీసుకుని లెక్కపెట్టేది. దాని కొలత కెల్విన్. మన మే నెల ఎండ 45 డిగ్రీలంటే 318 కెల్విన్.

మరి ఆ చలి ఎక్కడ దొరుకుతుంది? పశువుల ఆసుపత్రిలో వీర్యం స్ట్రాలు దాచే డబ్బా మూత తీస్తే పొగలాగా వచ్చేది మీలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. అందులో ఉండేది ద్రవ నైట్రోజన్. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు, అంటే 77 కెల్విన్. ఎండకు పేరుమోసిన మన రామగుండంలో కూడా ఒకప్పుడు ఇలాంటి చలిని రోజూ తయారుచేశారంటే నమ్ముతారా? 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన పాత ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాసుగా మార్చి యూరియా చేసేది. దానికి ఆక్సిజన్ కావాలి. గాలిని ద్రవంగా మారేదాకా చల్లబరిచి ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను విడదీసేవారు. ఆ కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట 2021 నుంచి ఉత్పత్తి చేస్తున్న కొత్త కర్మాగారం సహజవాయువుతో నడుస్తుంది.

మైలుతుత్తాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచితే దాని అయస్కాంత బలం సుమారు 4 రెట్లవుతుంది. ద్రవ హీలియం ఇంకా చల్లన, 4.2 కెల్విన్. అందులో అయితే సుమారు 70 రెట్లు. 1908లో హాలెండులోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓన్స్ మొదటిసారి హీలియంను ద్రవంగా మార్చాడు. అప్పటి నుంచి ఈ చలి లోకం శాస్త్రవేత్తలకు తెరుచుకుంది.

చిలుములో జంటలు

అన్ని రాగి లవణాలూ క్యూరీ మాట వినవు. రాగి పాత్రలో పులుపు నిలవ ఉంటే పచ్చని చిలుము పడుతుంది కదా. వెనిగర్‌లోని ఆమ్లంతో రాగి కలిసి ఏర్పడే ఆకుపచ్చ లవణం పేరు కాపర్ అసిటేట్. దీన్ని చల్లబరుస్తూ పోతే సుమారు 255 కెల్విన్ వరకు, అంటే మైనస్ 18 డిగ్రీల వరకు అయస్కాంత గుణం పెరుగుతుంది. ఆ తర్వాత తగ్గడం మొదలై, బాగా చల్లబడేసరికి దాదాపు మాయమవుతుంది! 1951లో బి.సి. గుహ ఈ వింతను కొలిచి ప్రచురించారు. మరుసటి ఏడాది బ్లీనీ, బోవర్స్ కారణం చెప్పారు.

కారణం ఇది. ఆ స్ఫటికంలో రాగి పరమాణువులు రెండేసి దగ్గరగా కూర్చుంటాయి. వేడి ఉన్నంతసేపు ఎవరి అల్లరి వారిది. చలి పెరిగి అల్లరి తగ్గాక పక్కవాడి మాట వినిపిస్తుంది. ఒకడు పైకి చూస్తే రెండోవాడు కిందికి చూస్తాడు. రెండూ రద్దయిపోతాయి. దీన్ని బట్టి ఒక పెద్ద పాఠం తెలిసింది. బాగా చల్లబరిచినప్పుడు బయటి అయస్కాంతం కంటే పొరుగువారి మధ్య ఉండే సంబంధమే ముఖ్యం.

సీముల్లాంటి స్ఫటికాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోదావరిఖనిలో పుట్టిన పిల్లలకు పొరలంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకటో సీము, రెండో సీము, మూడో సీము, నాలుగో సీము అని మన నాయినలు మాట్లాడుకుంటుంటే వింటూనే పెరిగాం. ఒక బొగ్గు పొర, మధ్యలో ఇసుకరాయి, మళ్లీ బొగ్గు పొర. కొన్ని రాగి స్ఫటికాల నిర్మాణం కూడా ఇలాగే ఉంటుంది. రాగి పరమాణువులున్న పల్చని పొర, మధ్యలో అయస్కాంత గుణం లేని పరమాణువుల మందం, మళ్లీ రాగి పొర. ఒకే పొరలోని రాగి పరమాణువులు ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకుంటాయి. పై పొరతో, కింది పొరతో మాత్రం గుసగుస.

వీటిలో ఒక రకం రాగి క్లోరైడు పొరల మధ్య సేంద్రియ అణువులను ఇరికించి చేసినవి. ఇక్కడ ఒక పొరలోని స్పిన్లన్నీ ఒకే దిక్కు చూస్తాయి. మిథైల్ అమోనియంతో చేసిన స్ఫటికం 8.9 కెల్విన్ వద్ద, ఇథైల్ అమోనియంతో చేసినది 10.2 కెల్విన్ వద్ద క్రమశిక్షణలోకి వస్తాయి. ఇంకా పొడవైన గొలుసులు ఇరికించి పొరలను దూరం జరిపినా ఈ ఉష్ణోగ్రత పెద్దగా పడిపోదు. ఎందుకు?

ఒకే ఒక పొర అయితే, అందులో స్పిన్లు ఏ దిక్కుకైనా స్వేచ్ఛగా తిరగగలిగితే, సున్నా కెల్విన్ కంటే ఎంత కొంచెం వేడి ఉన్నా పొరంతా శాశ్వతమైన క్రమం రాదని 1966లో మెర్మిన్, వాగ్నర్ గణితంతో నిరూపించారు. కానీ చల్లబడేకొద్దీ పొరలో పెద్దపెద్ద గుంపులు ఒకే దిక్కు చూడటం మొదలుపెడతాయి. వేల పరమాణువుల గుంపు సిద్ధంగా ఉన్నప్పుడు పై పొర నుంచి ఒక గుసగుస చాలు, అందరూ ఒక్కసారే సర్దుకుంటారు. గుంపు పెద్దదైతే చిన్న మాటకు కూడా బలం వస్తుందన్నమాట. అందుకే పొరలు దూరమైనా క్రమం అంత తేలికగా పోదు.

ఖోఖో ఆడే ఎలక్ట్రాన్లు

రెండో రకం ఇంకా వింతైనది. లాంథనం, రాగి, ఆక్సిజన్ కలిసిన నల్లని పింగాణీలాంటి పదార్థం లాంథనం కాపర్ ఆక్సైడ్. ఇందులో పొరలోని రాగి పరమాణువులు గళ్ల కాగితం మీద చుక్కల్లా ఉంటాయి. ప్రతి రెండు రాగుల మధ్య ఒక ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ ద్వారా పక్కపక్క రాగులు మాట్లాడుకుని ఒకదానికొకటి ఎదురు దిక్కు చూస్తాయి.

మన గ్రౌండులో ఖోఖో గుర్తు తెచ్చుకోండి. ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు. ఒకడు తూర్పు చూస్తే పక్కవాడు పడమర చూస్తాడు. వరుస మొత్తం మీద తూర్పు నలుగురు, పడమర నలుగురు. ఇలాంటి ఖోఖో వరుసలను పక్కపక్కన పేర్చి, ముందు వెనక కూడా ఎదురు ముఖాలే ఉండేలా కూర్చోబెడితే లాంథనం కాపర్ ఆక్సైడ్ పొర తయారైనట్టే. దీన్ని యాంటీ ఫెర్రో అయస్కాంతత్వం అంటారు. లోపల అంత క్రమశిక్షణ ఉన్నా బయట నుంచి అయస్కాంతం పెడితే దాదాపు ఏమీ తెలియదు. తూర్పు, పడమర రద్దవుతాయి మరి!

ఇక్కడే భగవంతం లాంటి వారి లెక్క అవసరమైంది. ఖోఖో వరుసను ఒక గడి పక్కకు జరిపితే మనుషులు సరిపోతారు కానీ ముఖాలు సరిపోవు. జరిపి, అందరినీ వెనక్కి తిప్పితే సరిపోతుంది. ఈ 'వెనక్కి తిప్పడం' అనే కొత్త పనిని కూడా సౌష్ఠవంలో కలిపితే మామూలు స్ఫటిక తరగతులు 32 కాస్తా 122 అవుతాయి. ఏ తరగతి స్ఫటికానికి ఏ అయస్కాంత గుణం ఉండవచ్చో, ఏది ఉండకూడదో దీనితో ముందే చెప్పవచ్చు.

మరి బయటికి కనపడని ఈ క్రమాన్ని ఎలా చూశారు? న్యూట్రాన్లతో. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, కానీ అది కూడా చిన్న అయస్కాంతమే. స్ఫటికంలోకి పంపితే స్పిన్ల వరుసకు తగిలి కొన్ని ప్రత్యేక కోణాల్లో బయటికి వస్తుంది. 1987లో ఇలాంటి ప్రయోగాలతోనే లాంథనం కాపర్ ఆక్సైడ్‌లోని ఖోఖో వరుసలు బయటపడ్డాయి. మన దేశంలో ఇలాంటి పరిశోధనకు ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ రియాక్టర్ ఉంది. అందులో న్యూట్రాన్ల వేగం తగ్గించేది భారజలం. భారజలం తయారుచేసే కర్మాగారాల్లో ఒకటి మన బొగ్గు బెల్టులోనే, మణుగూరు దగ్గర అశ్వాపురంలో ఉంది.

శుద్ధమైన లాంథనం కాపర్ ఆక్సైడ్‌లో ఈ వరుస సుమారు 325 కెల్విన్ దాకా నిలుస్తుంది. అంటే 52 డిగ్రీల సెల్సియస్. మైలుతుత్తం లాంటి వాటికి లేని పట్టుదల ఇది. మన మే నెల ఎండలో పెట్టినా చెదరదు! పొరలోపలి బంధం అంత గట్టిది.

ఒకడు లేచిపోతే?

ఈ పదార్థంలో లాంథనం కొంత తీసేసి స్ట్రాన్షియం పెడితే, ఒక్కో స్ట్రాన్షియంకు ఒక్కో ఎలక్ట్రాన్ తగ్గుతుంది. ఖోఖో వరుసలోంచి ఒకడు లేచి వెళ్లిపోయినట్టు. ఖాళీ గడిలోకి పక్కవాడు ముఖం తిప్పుకోకుండా జరిగితే ఏమవుతుంది? కొత్త చోట వాడి ముఖం చుట్టుపక్కల వాళ్ల ముఖాలతో ఒకే వైపు అవుతుంది. వరుస చెడిపోతుంది. ఖాళీ తిరిగినకొద్దీ దాని వెనకంతా చెడిన గుర్తులు మిగులుతాయి. నూటికి రెండు ఖాళీలు చాలు, పొరంతా విస్తరించిన ఆ క్రమం పోతుంది.

ఆ తర్వాతే అసలు వింత. ఖాళీలు నూటికి ఐదారు దాటగానే, బాగా చల్లబరిస్తే, ఈ పింగాణీ ముక్కలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. దీన్నే అతివాహకత అంటారు. ఖాళీలు నూటికి 15, 16 ఉన్నప్పుడు ఇది 38 కెల్విన్ దాకా నిలుస్తుంది. 27 దాటితే మళ్లీ పోతుంది.

అతివాహకత కొత్తది కాదు. 1911లో పాదరసంలో 4.2 కెల్విన్ దగ్గర ఓన్స్ దీన్ని కనిపెట్టాడు. అతివాహకం తన లోపలి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుందని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ చూపించారు. అందుకే దానిపై పెట్టిన అయస్కాంతం గాలిలో తేలుతుంది. కానీ లోహాల్లో ఇది సాధ్యమయ్యేది అతి తక్కువ ఉష్ణోగ్రతల్లోనే. మంచి వాహకమైన రాగి లోహం ఎంత చల్లబరిచినా అతివాహకం కాలేదు. ద్రవ నైట్రోజన్‌లో దాని నిరోధం సుమారు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, అంతే.

ఇలాంటి పొరల ఆక్సైడుల అయస్కాంత గుణాలపై మన దేశంలో గంగూలీ, సి.ఎన్.ఆర్. రావు ముందు నుంచే పనిచేస్తూ 1984లో ఒక సమగ్రమైన పత్రం ప్రచురించారు. 1986లో స్విట్జర్లాండులో బెడ్నార్జ్, ముల్లర్ ఇదే కుటుంబపు పదార్థంలో బేరియం కలిపి 30 కెల్విన్ పైన అతివాహకత మొదలవుతుందని చూపించారు. మరుసటి ఏడాదే వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అదే 1987లో అమెరికాలో ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్‌తో చేసిన పదార్థం 93 కెల్విన్ వద్ద అతివాహకమైంది. ఇది ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత కంటే ఎక్కువ. అంటే ఖరీదైన హీలియం అక్కర్లేదు, పశువుల ఆసుపత్రి డబ్బాలోని ద్రవం చాలు! 1993లో పాదరసం కలిసిన రాగి ఆక్సైడ్ 130 కెల్విన్ దాటింది.

ఎందుకిలా జరుగుతుంది? లోహాల్లోని అతివాహకతకు 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరణ ఇచ్చారు. ఎలక్ట్రాన్లు జతలుగా కదులుతాయని అందులో చెప్పారు. రాగి ఆక్సైడుల్లోనూ జతలే కదులుతాయని తెలుసు. వాటిని జతకట్టించేది ఏమిటన్నదే గొడవ. ఖోఖో వరుసలోని అయస్కాంత సంబంధమే కారణమని ఎక్కువమంది అనుమానం. ఒక ఖాళీ చెడగొట్టిన వరుసను వెనకే వచ్చే రెండో ఖాళీ సరిచేస్తుందని, అందుకే రెండూ కలిసి తిరుగుతాయని కొందరు ఒక బొమ్మ గీసి చెబుతారు. కానీ అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం లేదు. 1986 నుంచి ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న తెరిచే ఉంది.

తమ్ముడి రెండో ప్రశ్న

"మా నాయిన తవ్విన బొగ్గు తీగల వేడయి పోతాందా?" అవును తమ్ముడూ, కొంత పోతోంది. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే ఎన్‌టీపీసీ నుంచి కరెంటును 4 లక్షల వోల్టులకు పెంచి పంపిస్తారు. వోల్టేజీ పెరిగితే అదే శక్తికి కరెంటు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. అయినా సున్నా కాదు. బాయి దిగినవాళ్ల చెమటలో కొంత ఊరూరా తీగల్లో, మోటార్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో ఉత్త వేడిగా మారుతూనే ఉంది. మన బోరు మోటారు మాడింది కూడా ఆ వేడితోనే.

మరి అతివాహక తీగలు వేస్తే సరిపోదా? అంత సులువు కాదు. ఈ పదార్థాలు పింగాణీలా పెళుసు. తీగగా సాగవు. లోహపు పట్టీ మీద పూతగా వేసో, వెండి గొట్టాల్లో పొడి నింపి సాగదీసో తయారుచేయాలి. దారి పొడవునా చల్లగా ఉంచాలి. చల్లబరచడానికీ కరెంటే కావాలి. అయినా జర్మనీలోని ఎసెన్ నగరంలో 2014లో ఒక కిలోమీటరు పొడవైన అతివాహక కేబుల్‌ను నగర విద్యుత్ వ్యవస్థలో కలిపి కొన్నేళ్లు నడిపారు. అందులోని పదార్థం కూడా పొరల రాగి ఆక్సైడే. చలి అక్కర్లేని అతివాహకం దొరికితే లోకం మారిపోతుంది. దానికి దారి చూపాలంటే ఆ ఖోఖో వరుసల రహస్యం తెలియాలి. అందుకే ఇది ఉత్త పుస్తకాల ప్రశ్న కాదు, మన ఇంటి ప్రశ్న.

చేసి చూసేవారికి జాగ్రత్తలు

మైలుతుత్తం విషం. చేతులు నోట్లో పెట్టుకోవద్దు, అన్నం తినే గ్లాసులో కరిగించవద్దు. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. నియోడిమియం అయస్కాంతాలు రెండు దగ్గరికి వస్తే వేలు నలుగుతుంది. ద్రవ నైట్రోజన్ ఎక్కడ కనపడినా చేయి పెట్టొద్దు, నిప్పులాగే కాలుస్తుంది. మూసిన గదిలో అది ఆవిరైతే ఆక్సిజన్ తగ్గి మనిషి తెలియకుండానే పడిపోతాడు. బాయిలో గాలి ఆడని చోట బ్లాక్ డ్యాంప్ ఎంత ప్రమాదమో మీ నాయినలను అడగండి, ఇదీ అలాంటిదే.

చివరగా ఒక మాట. ఆ రోజు వైండింగ్ షాపులో తమ్ముడి ప్రశ్నకు మాలో ఒకరు నవ్వారు కూడా. ఇప్పుడు ఆ నవ్వుకు సిగ్గుపడుతున్నాం. "రాగికి అయస్కాంతం అంటదు" అని బట్టీ పట్టి వదిలేసిన మాకంటే, మాడిన తీగ ముక్కను అయస్కాంతానికి పెట్టి చూసిన వాడే ముందున్నాడు. వాడిప్పుడు ఇంటర్ అయ్యాక బీఎస్సీ ఫిజిక్స్ చదువుతానంటున్నాడు. చదవాలని మేమూ అంటున్నాం.

మేము పెంచిన నీలి స్ఫటికం వార్షికోత్సవం రోజు స్టేజీ పక్కన బల్ల మీద ఉంటుంది. అయస్కాంతం కూడా పెడతాం. వచ్చి చూడండి. ఫ్యాను మాత్రం వేయొద్దు!